నీళ్ళు యాడ పడతాయో ముందు రాయి

ఫుజైరా
12 ఫిబ్రవరి 1981

మీరా హుస్సేన్ భాయ్‌కి, నీ కింద రెండేండ్లు కేబుల్ గుంజిన లింబాద్రి సలాం జేసి రాసేది.

భాయ్, నేను మఫ్రఖ్ క్యాంపు ఇడిసి వచ్చి మూడు నెలలాయె. ఇక్కడ మంచిగనే ఉన్న. క్యాంపుల ముప్పై మందిమి ఒక్క నల్ల కాడ కొట్లాడుకునేటోళ్లం, ఇక్కడ నా అర్ర నాకే ఉన్నది. ముంగట సముద్రం, ఎనుక గుట్టలు. మాట్లాడుదామంటె తోటి పనోడు దొరకడు, గదొక్కటే తక్లీఫ్.

పని సంగతి రాస్త. నా వీజ చేతుల వెట్టుకున్న కొత్త కఫీల్ ముసలాయన. మంచోడే గని జర తొందర మనిషి. ఇంట్ల కరెంటు ఎన్నడో అయ్యింది. ఇప్పుడు వాకిట్ల కొత్తగ కట్టిస్తున్నడు. మొగోళ్లు కూసునే బయటి మజ్లిస్, వంటర్ర, బట్టలుతికే రేకుల షెడ్డు, మేకల కొట్టం. గోడ పొడుగూత బల్బులు గూడ వెట్టాల్నట. మే పద్నాలుగు తారీఖు నాడు బిడ్డ పెండ్లి. గా లోపట అన్నీ ఎలగాలె అంటడు.

నేనేం జేసిన్నంటె, నాకు కరెంటు పని వస్తది అని చెప్పిన. తిట్టకు భాయ్. నా వీజ జూన్‌ల ఖతమైతది. పని మంచిగ జేస్తే ఇంకో రెండేండ్లు కొట్టిస్త, లేకుంటె టికెట్ చేతుల వెడ్త అన్నడు. నాకు కేబుల్ గుంజుడు వచ్చు, క్లిప్పులు కొట్టుడు వచ్చు. ఏడికెల్లి ఏడికి గుంజాలె అనేది మాత్రం ఎప్పటికీ నువ్వే జెప్పినవ్. గందుకే వాకిలి నక్ష గీసి ఈ ఉత్తరంల వెట్టిన. ఎట్ల జెయ్యాల్నో రాయి.

వంటకు, బట్టలకు చిట్టెమ్మ అని రాజోలు దిక్కామె ఉన్నది. యాభై ఏండ్లుంటయ్. నేను గోడకు సున్నం గీతలు కొడుతుంటె వచ్చి, "నీకు నిజంగా కరెంటు వచ్చునా, లేక ముగ్గులేస్తున్నావా?" అని అడిగింది. అందరి ముంగట ఇజ్జత్ తీసింది.

క్యాంపుల నా పక్క మంచం సనావుల్లా భాయ్‌కి సలాం జెప్పు. ఉత్తరం రాస్త అన్నడు, రాయలె. నా దువ్వెన గూడ ఆయన తానే ఉండిపోయింది.

నీ లింబాద్రి


మఫ్రఖ్
20 ఫిబ్రవరి 1981

తమ్ముడు లింబాద్రికి,

నీ ఉత్తరం, బొమ్మ చేరినాయి. గోడలుండాయి, తలుపులుండాయి, బల్బులుండాయి. మేకలకు కొమ్ములు గూడా గీసినావు. నీళ్ళు మాత్రం యాడా గీయలేదు.

కరెంటు పని వచ్చునని చెప్పినావు కదా, ఇంగ తిట్టి ఏం లాభం? తిట్టేది ఎదురుగా ఉన్నప్పుడు తిడతాలే. ఇప్పుడు చెప్పింది చెయ్.

తీగల సంగతి పక్కన పెట్టు. ఒక దినమంతా ఆ వాకిట్లో కూర్చో. నీళ్ళు యాడ పడతాయో ముందు రాయి. పడిన నీళ్ళు యాడికి పారతాయో రాయి. తడి కాళ్ళతో ఎవురు నిలబడతారు, ఎంతసేపు నిలబడతారు, చేత్తో ఏం ముట్టుకుంటారు, అంతా రాయాల. మేకలు ఏం కొరుకుతాయో గూడా రాయి. ఇంటి లోపల పని చేసేటోడు గోడను చూస్తే చాలు. బయట పని చేసేటోడు నేలను చూడాల.

తర్వాత ఈ నాలుగు సంగతులు తెలుసుకోని రాయి. మెయిన్ బోర్డు కాడి నుంచి ఒక్కో కొట్టానికి ఎన్ని అడుగులో టేపు పెట్టి కొలువు, అడుగులేసి లెక్కపెట్టొద్దు. నేల ఇసకనా, మన్నా, రాయా? మెయిన్ బోర్డుకు ఎర్తు యాడ ఇచ్చినారు? బట్టల షెడ్డులో ఏం మిషన్ పెడతాండారు?

కఫీల్ తొందర పెడితే పెట్టనీ. నెలన్నర చాలు ఈ పనికి. తొందర ఆయనది, చెయ్యి నీది.

చిట్టెమ్మ అడిగిన మాటలో తప్పేం లేదు. నాకూ అదే అనుమానం.

మీరా హుస్సేన్


ఫుజైరా
1 మార్చి 1981

మీరా హుస్సేన్ భాయ్‌కి,

నువ్వు చెప్పినట్లే శుక్రారం పొద్దంత వాకిట్ల కూసున్న. ఏం పని లేదా అని కఫీల్ అడిగిండు. నీళ్లు చూస్తున్న అన్న. ఇగ నన్ను పిచ్చోడే అనుకున్నడు.

లెక్క రాసుకో. వంటర్ర ముంగట గిన్నెలు తోముతరు, నీళ్లు గడప దాకా వస్తయ్. మజ్లిస్ కాడ కాళ్లు కడుక్కునే నల్ల ఉన్నది. మేకలు తొట్టిల నీళ్లు సగం కింద పోస్తయ్, దొరికిన తీగల్ల ఏది అందితే గది నములుతయ్. అన్నిట్ల ఎక్కువ తడి బట్టల షెడ్డులనే. చిట్టెమ్మ పొద్దుగాల ఏడింటికి నిలవడితే పది దాకా ఆ తడిలనే, ఉత్త కాళ్లతోని. చెప్పులు ఏసుకుంటె జారుతయట. రెండు తొట్ల మిషన్ తెచ్చిండ్రు, జపాన్‌ది. పైన అంతా రేకే.

మెయిన్ బోర్డు కాడికెల్లి షెడ్డుకు డెబ్బై ఎనిమిది అడుగులు. టేపుతోనే కొలిచిన. బోర్డు ఎర్తు బాయి ఇనుప పైపుకు కట్టి ఉన్నది.

నేల సంగతి అడగకు. అంతా రాయే. గడ్డపార ఏస్తే ఖణేల్ మని మోగుతది, చేతులు గుంజుతయ్. రెండడుగులు తవ్వుమంటె నేను పెండ్లి దాకా తవ్వుతనే ఉంట.

గందుకే ఒకటి అడుగుత. మెయిన్ ఇంటికెల్లి షెడ్డు దాకా బట్టలారేసే దండెం ఉన్నది, లావు జీఐ ఇనుప తీగ. కేబుల్ దాని పొంటి సుట్టుకుంట తీస్కపోతె పొద్దు మూకంగ పని అయిపోతది. మా ఊర్ల అందరు గట్లనే జేస్తరు. మా బాపు బర్ల కొట్టంకు గూడ దండెం మీదికెల్లే గుంజిండు, ఏడేండ్లాయె.

ఎర్తుకేమొ షెడ్డు పక్కన గుంత తవ్వుదామనుకుంటున్న. మా దిక్కు బాయి మోటర్ కాడ పోస్తరు చూడు, ఉప్పు, బొగ్గు, మీదికెల్లి నీళ్లు. తానం బండ పక్కన తవ్వుతరు, ఎప్పటికి తడిగ ఉంటదని. ఇక్కడ చిట్టెమ్మ పారబోసే నీళ్లు ఉండనే ఉన్నయ్. ఏమంటవ్?

సనావుల్లా భాయ్ నా మీద అలిగిండా ఏంది? దువ్వెన ఉంచుకోమను, నేను కొత్తది కొనుక్కున్న.

లింబాద్రి


మఫ్రఖ్
9 మార్చి 1981

లింబాద్రికి,

దండెం మీద కేబుల్ వేస్తే నువ్వు నా కింద పని నేర్చుకున్యానని ఎవురికీ చెప్పొద్దు. గాలికి ఊగి ఊగి కేబుల్ మీది తోలు అరుగుతాది, ఎండకు పగులుతాది. ఒక దినం ఆ జీఐ తీగంతా కరెంటే. తడి గుడ్డ ఆరేసే మనిషి రెండు చేతుల్తో పట్టుకుంటాది. ఏడేండ్లు ఏం కాలేదంటే అది మీ నాయన అదృష్టం, పనితనం కాదు.

ఎట్ల చెయ్యాల్నో వరసగా చెప్తాండా, బాగా చదువుకో.

ఇనుప కవచం ఉండే కేబులే తీసుకో. రెండడుగుల లోతున వెయ్యి. కింద ఇసక, మీద ఇసక, దాని మీద వరసగా ఇటుకలు పెట్టి మన్ను కప్పు. రేపు ఎవుడన్నా చెట్టు నాటేదానికి తవ్వినా ముందు ఇటుక తగులుతాది. నేల లోపల అతుకు ఒక్కటి గూడా ఉండకూడదు. రాయి అని ఏడవొద్దు. దినానికి ఆరడుగులు తవ్వు, పదమూడు దినాల్లో అయిపోతాది.

ఒక్కో కొట్టానికి మెయిన్ బోర్డులో వేరే స్విచ్చు, వేరే ఫ్యూజు. మేకల కాడ బల్బు ఎత్తులో, గాజు బుడ్డి లోపల. షెడ్డులో ప్లగ్గు నల్లాకు దూరంగా, రొమ్ము ఎత్తున, మూత ఉండేది.

ఇంగ ఎర్తు. పచ్చ తీగ మెయిన్ బోర్డు కాడ నుంచే రావాల, ప్రతి కొట్టానికీ రావాల. ఆ బాయి పైపు నీళ్ళలో దిగి ఉండాది కాబట్టి దాన్ని నమ్మొచ్చు. మిషన్ లోపల తీగ పుండయ్యి రేకుకు తగిలిందనుకో, ఆ కరెంటు పచ్చ తీగ పట్టుకోని భూమిలోకి పోవాల, పోతా పోతా ఫ్యూజును కాల్చి పోవాల. దారి లేకపోతే రేకులోనే కాచుకోని ఉంటాది, ఎవురన్నా తడి చెయ్యి పెట్టేదాకా.

అంతా అయినాక కరెంటు తీగకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూసి మురిసిపోవద్దు. బల్బుకు చిటికెడు కరెంటు చాలు, ఎట్లాంటి ఎర్తులోనైనా వెలుగుతాది. ఇస్త్రీపెట్టె పెట్టి చూడు, అది చానా కరెంటు గుంజుతాది. పెట్టె ఎప్పటిలాగ కాలితేనే ఎర్తు ఉన్నట్టు.

గుంత మాట ఎత్తొద్దు. ఎందుకని అడగొద్దు. వద్దంటే వద్దు.

మీరా హుస్సేన్


ఫుజైరా
29 మార్చి 1981

మీరా హుస్సేన్ భాయ్‌కి,

ఖుష్ ఖబర్. పని దాదాపు ఖలాస్. మజ్లిస్‌ల ట్యూబులైట్లు, వంటర్రల బల్బు, గోడ మీద లైట్లు, మేకల కాడ గాజు బుడ్డి, అన్నీ ఎలుగుతున్నయ్. ఒక్కో కొట్టంకు వేరే స్విచ్చు వెట్టిన. షెడ్డుల మిషన్ గూడ నడుస్తున్నది. కఫీల్ తిరిగి తిరిగి చూసి భుజం తట్టిండు. వీజ కాయితాలు తియ్యి అన్నడు.

కేబుల్ అంతా భూమిలకెల్లే తెచ్చిన, ఇటుకలు గూడ పేర్చిన. దండెం జోలికే పోలె. ఎర్తు ఫస్ట్ క్లాస్ ఉన్నది. బల్బు వెట్టి చూసిన భాయ్, పెండ్లి పందిరి లెక్క ఎలిగింది.

చిట్టెమ్మ గూడ ఒప్పుకున్నది. "ముగ్గులేస్తున్నావనుకున్నాను గానీ పర్లేదయ్యా" అన్నది.

ఒక్క శుక్రారం వచ్చిపో. నా పని నీ కండ్లతోని చూస్తే నాకు తృప్తి. చేప కూర చిట్టెమ్మ బ్రహ్మాండంగ వండుతది. సనావుల్లా భాయ్‌ని గూడ పట్టుకరా. ఆయనకు వేరేగ ఉత్తరం రాసిన, దానికీ జవాబు లేదు.

లింబాద్రి


మఫ్రఖ్
6 ఏప్రిల్ 1981

లింబాద్రికి,

నీ ఉత్తరం మూడు సార్లు చదివినాను. బల్బు అని రాసినావు. నేను ఇస్త్రీపెట్టె అని రాసి ఉంటి. పచ్చ తీగ అనే మాట ఉత్తరంలో యాడా లేదు. ఇటుకల గురించి రాసినోడివి దాని గురించి రాయలేదంటే, అది లేదు. నువ్వు గుంత తవ్వినావు.

తప్పు నీ ఒక్కడిదే కాదు. ఎందుకని అడగొద్దు అన్యాను. ఎందుకో చెప్పింటే నువ్వు వినిందువు. ఇప్పుడు చెప్తాండా.

సనావుల్లా లేడు. జనవరి ఇరవై ఏడున చనిపోయినాడు.

నువ్వు పోయినాక క్యాంపులో బయట కరెంటుతో నడిచే చల్లనీళ్ళ ట్యాంకు పెట్టినారు. అది నేను వేసిన పనే. పెద్ద బోర్డు దూరంగా ఉండాదని, పచ్చ తీగకు మళ్ళీ కాలువ తవ్వాలని, ట్యాంకు పక్కనే గుంత తవ్వినా. ఉప్పు, బొగ్గు, మా రాయచోటిలో మా నాయన నేర్పించినట్టే. రెండు బకెట్లు నీళ్ళు పోసి, అప్పుడే బల్బు పెట్టి చూసినా. బాగా వెలిగింది. నీ మాదిరే మురిసిపోయినా. ఇది మన నేల కాదని తోచలేదు. ఇసక నీళ్ళను నిలపదు. నలభై దినాలకు ఆ గుంత ఒట్టి బొగ్గు డబ్బా.

సనావుల్లా స్నానం చేసి వస్తా ట్యాంకు కాడ ఆగినాడు. కాళ్ళు తడి. ఒక చేత్తో లోటా పట్టుకోని ఇంకో చెయ్యి ట్యాంకు మీద ఆనించినాడు. నేను ఇరవై అడుగుల దూరంలో బీడీ ముట్టించుకుంటా ఉంటి. అంతకు ముందు ఇద్దరు ముగ్గురు ట్యాంకు జిల్లుమంటాందని అన్యారు. చల్లనీళ్ళు కదా, జిల్లుమనక ఏమంటాదని నేను నవ్వినాను. ఉస్తాద్ చేసింది కదా అని వాళ్ళూ ఊరుకున్యారు.

వాణ్ణి వీజా ఇప్పించి పిలిపించింది నేనే. నా చెల్లెలు సర్వర్ బేగం మొగుడు వాడు. ఇక్కడి మట్టిలోనే పెట్టినాము. చెల్లెలికి గుండె ఆగి పోయినాడని రాసినా. అది అబద్ధం గూడా కాదు. నన్ను ఫోర్మన్ అనుకోని ఉత్తరాలు రాస్తాండావు. నేను ఇప్పుడు స్టోర్లో బల్బులు లెక్కపెట్టి ఇస్తాండా. తీగ ముట్టుకోలేదు అప్పటి నుంచి.

ఈ ఉత్తరం అందిన క్షణం షెడ్డు స్విచ్చు తీసెయ్. చదివి మడత పెట్టినాక కాదు. ఇప్పుడే.

మీరా హుస్సేన్


ఫుజైరా
14 ఏప్రిల్ 1981

మీరా హుస్సేన్ భాయ్‌కి,

స్విచ్ తీసిన. ఉత్తరం చేతుల వట్టుకోనే ఉర్కిన. మళ్ల వచ్చి కూసోని మొత్తం సదివిన. సదివి ఏడ్చిన భాయ్. మూడు ఉత్తరాలల్ల ఆయనను అడిగిన. దువ్వెన అడిగిన. నాకు సిగ్గయితున్నది.

నువ్వు పట్టుకున్నది నిజమే. గుంతనే తవ్విన. కేబుల్ కాలువ తవ్వంగనే చేతులు బొబ్బలెక్కినయ్. కవచం కేబుల్ ఏసిన గని పచ్చ తీగ తేలె. కవచం గూడ రెండు దిక్కుల ఉత్తగనే ఇడిసిన, దేనికీ కట్టలె. పచ్చ తీగ కోసం మళ్ల బజారుకు పోవాలె, మళ్ల ఇటుకలు తియ్యాలె. వీజ కాయితం మీద సంతకం కాకముందే కఫీల్ మనసు మారుతదేమొ అని దిగులు. ఎర్తు ఎర్తే గదా అనుకున్న.

ఇస్త్రీపెట్టె వెట్టి చూసిన. గంట సేపు వెట్టినా గోరువెచ్చగ గూడ కాలె. పందిరి లెక్క ఎలిగిన బల్బు ఇప్పుడు ఎర్రగ, గుడ్డిగ ఉన్నది. గుంత తవ్వి చూస్తె బొగ్గు ఎండి గలగలమంటున్నది. చిట్టెమ్మ నీళ్లు దానిల పడుతయనుకున్న గద, కఫీల్ షెడ్డుల సిమెంటు పోయించి, నీళ్లన్నీ కాలువ తీసి ఖర్జూరం చెట్లకు మళ్లిచ్చిండు. నా కండ్ల ముంగటనే పోయించిండు. నేనే సిమెంటు కలిపిన.

ఇంకోటి రాయాలె. చిట్టెమ్మ ఐదారు రోజుల కింద, "మిషను ముట్టుకుంటే వేళ్ళకి చీమలు కుట్టినట్టుంటుందయ్యా" అన్నది. నేను నవ్విన. ముసలితనం వచ్చింది నీకు, రబ్బరు చెప్పులు ఏసుకో అన్న. నీ ఉత్తరంల "నవ్వినాను" అన్న కాడ నాకు గా నవ్వే యాదికొచ్చింది. చిట్టెమ్మ జారుతయ్ అని తిట్టుకుంటనే ఏసుకున్నది. గా చెప్పులే బతికిచ్చినయ్ ఆమెను.

మిషన్ బందు వెట్టంగనే కఫీల్ మీద పడ్డడు. ఇంటినిండ సుట్టాలు దిగుతుండ్రు, నడిచే మిషన్ ఎందుకు ఆపినవ్ అన్నడు. నాకొచ్చిన అరబ్బీల చెప్పిన, చనిపోతరు అన్న. ఎవరు చనిపోయిండ్రు చూపియ్ అన్నడు. ఏం చూపియ్యాలె? వీజ కాయితం జేబులకెల్లి తీసి చింపిండు. పెండ్లి దాకా ఉండు, తర్వాత ఖలాస్ అన్నడు.

ఇప్పుడు మళ్ల తవ్వుతున్న. మెయిన్ బోర్డు కాడికెల్లి మొదలువెట్టిన. చిట్టెమ్మ చేతులతోనే ఉతుకుతున్నది, నన్ను చూసినప్పుడల్ల నడుం వట్టుకుంటది. తిట్టనీ.

నువ్వు వస్తవా భాయ్? నా ఎర్తును నేను నమ్మలేకపోతున్న.

లింబాద్రి


మఫ్రఖ్
19 ఏప్రిల్ 1981

లింబాద్రికి,

శుక్రవారం ఇరవై నాలుగున వస్తాండా. దుబాయ్ దాకా ఒక టాక్సీ, ఆడ నుంచి మసాఫీ మీదుగా ఇంకోటి. జుమా నమాజు మీ ఊర్లోనే చదువుకుంటా. అప్పటికి పచ్చ తీగ రెండు దిక్కులా బిగించి పెట్టు, ఇటుకలు మాత్రం కప్పొద్దు. నేను తీగ ముట్టుకోను. నిలబడి చూస్తా, నువ్వే చెయ్యాల.

ఇస్త్రీపెట్టె ఇంట్లో అడిగి తీసి పెట్టు.

మీరా హుస్సేన్


ఫుజైరా
26 మే 1981

మీరా హుస్సేన్ భాయ్‌కి,

నువ్వు వచ్చిపోయి నెల దాటింది. ముందుగాలనే రాయాల్సింది, పెండ్లి పనుల తోటి తల ఎత్తలె. పెండ్లి మంచిగైంది. గోడ మీద లైట్లు ఒక్కటి గూడ ఆరలె.

నువ్వు ఆ రోజు జేసింది నాకు ఇంకా కండ్లల్లనే ఉన్నది. ఇస్త్రీపెట్టె అరచేయి పెట్టనియ్యనంత కాలింది. ఇగ చాలు అనుకున్న. నువ్వు చెప్పులు ఇడిసి, షెడ్డుల బకెట్ నీళ్లు కుమ్మరిచ్చి, గా నీళ్లల్ల ఉత్త కాళ్లతోని నిలవడి, మిషన్ మీద రెండు చేతులు ఆనిచ్చి, "వెయ్" అన్నవ్. నేను స్విచ్ ఏసిన. నువ్వు గోడ దిక్కు చూస్తున్నవ్. ఎంతసేపు నిలవడ్డవో నాకు తెల్వదు. చిట్టెమ్మ వంటర్ర గడప మీదికెల్లి చూసుకుంట, "ఈయనకేమైనా పిచ్చా?" అన్నది. పొయ్యేటప్పుడు జేబులకెల్లి దువ్వెన తీసి ఇచ్చినవ్. దాన్ని పెట్టెల దాసుకున్న.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న శనివారం, ఇరువై మూడు తారీఖు. పెండ్లి దుప్పట్లు గుట్టలు గుట్టలు పడ్డయ్ ఉతికేటందుకు. ఆ మిషన్‌కు పదిహేను రోజులకెల్లి చేతినిండ పనే. పొద్దుగాల ఎనిమిదిన్నరకు నేను మేకలకు గడ్డేస్తున్న, మెయిన్ బోర్డుల టప్ మని సప్పుడైంది. ఎనుకనే చిట్టెమ్మ మొత్తుకునుడు ఇనవడ్డది. ఉర్కి చూస్తె ఆమె తొట్టి మీద రెండు చేతులు వెట్టి నిలవడి నన్ను తిడుతున్నది. "నీ కరెంటుకి నిలకడే లేదయ్యా లింబాద్రీ! దుప్పట్లు సగం నురగలో ఉన్నాయి, ఇప్పుడేం చెయ్యమంటావు?"

కాళ్ల దిక్కు చూసిన. ఉత్త కాళ్లు. నీళ్లు మడిమెల దాకా ఉన్నయ్. చెప్పులు ఏవి అంటె, "మీ ఉస్తాదే చెప్పుల్లేకుండా నిలబడ్డాడు, నాకేంటి" అన్నది.

మిషన్ ఎనుక రేకు ఇప్పి చూసిన. లోపల మోటర్ తీగ రేకు అంచుకు ఒరుసుక ఒరుసుక తోలు పోయి, రాగి రేకుకు అంటుకున్నది. నల్లగ కాలిన మచ్చ ఉన్నది గక్కడ. గది అంటుకున్నప్పుడు ఆమె రెండు చేతులు గా రేకు మీదనే ఉన్నయ్ భాయ్. ఆమెకు ఏం తెల్వలె. ఫ్యూజు తీగ కాలింది, గంతే.

నేను గక్కడనే తడిల కూసున్న. ఆమె ఇంకింత తిట్టబోయి, నా మొఖం చూసి ఆగింది. అప్పుడు చెప్పిన అంతా. గుంత సంగతి చెప్పిన, చీమలు కుట్టినయన్నప్పుడు నవ్విన సంగతి చెప్పిన, సనావుల్లా భాయ్ సంగతి చెప్పిన. ఆమె తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నది. లోపలికి పోయి చాయ్ తెచ్చి, నేను తాగేదాకా పక్కన నిలవడ్డది. "నాకిద్దరు మనవరాళ్ళయ్యా" అన్నది.

కఫీల్ వచ్చి మిషన్ చెడిపోయిందా, కొత్తది తెస్త అన్నడు. ఇగో ఇట్ల అయితుండె అని చూపిచ్చిన. చూసిండు. ఎవరికీ ఏం కాలె గద అన్నడు. నిజమే, ఏం కాలె. కానిది ఆయనకెట్ల కనవడ్తది? వీజ మాట మారలె. టికెట్ జూన్ ఇరువైకి.

బాధ లేదని రాయను. ఉన్నది. రెండేండ్లు ఉంటె ఇంటికి కప్పు మారుతుండె. గని చిట్టెమ్మ పొద్దున్నె తిట్టుకుంట తిరుగుతుంటె వినవుద్దైతున్నది.

కాలిన ఫ్యూజు తీగ పారెయ్యలె. రెండు తునకలు, ఈ కాయితం మడతల వెట్టిన. నీకు చూపియ్యాలె అనిపిచ్చింది.

నీ లింబాద్రి


మఫ్రఖ్
8 జూన్ 1981

తమ్ముడు లింబాద్రికి,

నీ ఉత్తరం స్టోర్ బల్ల మీదనే విప్పినాను. మడతలో నుంచి తునకలు కింద పడినాయి. మొదట అర్థం కాలేదు. చదివినాక బల్ల కింద దూరి వెతుక్కున్యా. రెండూ దొరికినాయి. కొసలు ఉండ కట్టి ఉండాయి, శుభ్రంగా కాలింది. మంచి పని చేసినావు. నీకు కరెంటు పని వచ్చునని ఇంగ ఎవురితోనైనా చెప్పుకో.

నేను స్టోర్ వదిలేసినా. పోయిన వారం క్యాంపు మేనేజరు కాడికి పోయి, క్యాంపు బయట ఉండే ట్యాంకులన్నిటికీ పెద్ద బోర్డు నుంచి పచ్చ తీగ గుంజాలని అడిగినా. కూలీలను ఇయ్యను, నువ్వే తవ్వుకో అన్యాడు. తవ్వుకుంటాండా. ఆ ట్యాంకు కాడనే మొదలు పెట్టినా. మొదటి దినం చేతులు ఆడలేదు, రెండో దినం ఆడినాయి.

నువ్వు ఊరికి పోతాండావు కాబట్టి ఒక పని చెప్తా. ఇంటికి పోయినాక కాళ్ళు కడుక్కునే ముందు, మీ నాయన కొట్టం కాడికి పోయి, దండెం మీద నుంచి ఆ తీగ తీసెయ్. ఆయన తిడతాడు. ఏడేండ్లు ఏం కాలేదంటాడు. తిట్టనీ.

చిట్టెమ్మకు నా సలాం చెప్పు. చెప్పులు వేసుకోమను. నేను ఆ దినం విడిసింది ఆమెకు చూపించేదానికి కాదు. ఎందుకు విడిసినానో నాకే సరిగ్గా తెలీదు, ఈసారన్నా నా పని నన్ను చంపదని చూసుకోవాలనిపించింది. అది పనిమంతుడు చేసే పరీక్ష కాదు. నువ్వెప్పుడూ చెయ్యొద్దు.

చెల్లెలికి నిన్న రాసినాను. గుంత నేనే తవ్వినానని, బల్బు పెట్టి మురిసిపోయినానని, జిల్లుమంటాందని చెప్పినోళ్ళను చూసి నవ్వినానని, అంతా రాసినా. నాలుగు నెలలు దాచినందుకు తిట్టినా, మళ్ళీ జన్మలో మొగం చూడనన్యా, అది దాని ఇష్టం. సర్వర్ బేగంకు చదువు రాదు, పక్కింటోళ్ళతో చదివించుకుంటాది. కరెంటు, ఎర్తు అంటే దానికి తెలీదు, వాళ్ళకూ తెలీదు. ఎట్ల చెప్పాల్నో తోచక చానాసేపు కలం పట్టుకోని కూర్చున్యా.

చివరికి నీ ఫ్యూజు తీగ తునకలు రెండూ ఆ ఉత్తరంలో పెట్టినాను. ఇదేమని అది అడుగుతాది కదా. ఆ దినం సనావుల్లా బదులు కాలాల్సింది ఇదే తల్లీ అని రాసినాను.

మీరా హుస్సేన్